ట్యాబ్లెట్ నెమ్మదిస్తే: కొరత ర్యామ్‌లోనా, స్టోరేజీలోనా?

కొన్న కొత్తలో వేలు తాకీ తాకగానే తెరుచుకున్న యాప్ రెండు మూడేళ్లు తిరిగేసరికి తీరిగ్గా తెరుచుకుంటుంది. కీబోర్డు మీద నొక్కిన అక్షరం కాసేపటికి గానీ తెర మీదకు రాదు. చదువుతున్న పేజీని వదిలి మెయిల్ చూసి వెనక్కి వస్తే ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. వీటన్నిటికీ కలిపి 'మెమరీ నిండిపోయింది' అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. ఇక ఫొటోలు చెరిపేయడమో, క్లీనర్ యాప్ ఒకటి ఎక్కించడమో, తెరిచి ఉన్న యాప్‌లన్నిటినీ వరసగా పైకి తోసేయడమో మొదలవుతుంది. ఈ మూడింటిలో మొదటిది కొన్నిసార్లు పనిచేస్తుంది. రెండోది దాదాపు ఎప్పుడూ చేటే చేస్తుంది. మూడోది చాలావరకు వృథా శ్రమ. ఎందుకలాగో తెలియాలంటే, నెమ్మదించిన ఆ క్షణంలో ట్యాబ్లెట్ దేని కోసం ఎదురుచూస్తోందో కనిపెట్టాలి.

ట్యాబ్లెట్‌లో ఉండే నిల్వలు రెండు. ప్రస్తుతం నడుస్తున్న పనులన్నీ ర్యామ్‌లో ఉంటాయి. అది 2, 4, 8 జీబీల్లో ఉంటుంది, ఆపి మళ్లీ ఆన్ చేస్తే తుడిచిపెట్టుకుపోతుంది. యాప్‌లు, ఫొటోలు, వీడియోలు శాశ్వతంగా ఉండే చోటు స్టోరేజీ. అది ఫ్లాష్ చిప్. 32, 64, 128 జీబీల్లో వస్తుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క సమాచారం అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే ఫ్లాష్ నుంచి అందుకోవడానికి సుమారు 100 మైక్రోసెకన్లు పడుతుంది. రెండింటికీ తేడా వెయ్యి రెట్లు. ఫొటోలు చెరిపేస్తే స్టోరేజీలో చోటు దొరుకుతుంది గానీ ర్యామ్ ఒక్క ఎంబీ కూడా పెరగదు. అలాగని రెండూ సంబంధం లేనివీ కావు. ర్యామ్ చాలనప్పుడు వ్యవస్థ, అంటే ట్యాబ్లెట్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, పదేపదే స్టోరేజీ దగ్గరికి పరుగెత్తుతుంది. ఆ స్టోరేజీ కూడా నిండిపోయి అలసి ఉంటే గోరుచుట్టు మీద రోకటి పోటే.

ఖాళీ ర్యామ్ మీద మోజు

ర్యామ్ ఎంత ఖాళీగా ఉంటే ట్యాబ్లెట్ అంత చురుగ్గా ఉంటుందనే నమ్మకం బలంగా నాటుకుపోయింది. అయితే ఆండ్రాయిడ్ గానీ ఐప్యాడ్‌ఓఎస్ గానీ ర్యామ్‌ను ఖాళీగా ఉంచాలని చూడవు. పక్కన పెట్టిన యాప్ మళ్లీ అవసరపడవచ్చని దాన్ని ర్యామ్‌లోనే అట్టిపెడతాయి. స్టోరేజీ నుంచి ఒకసారి చదివిన ఫైళ్ల ముక్కలనూ వదలకుండా దాచుకుంటాయి. అందుకే 4 జీబీ ట్యాబ్లెట్‌ను ఏ పనీ చేయించకుండా ఉంచినా సగానికి పైగా ర్యామ్ వాడుకలో ఉన్నట్టు కనిపిస్తుంది. అది జబ్బు కాదు. ఒక యాప్ నుంచి మరో యాప్‌కు చిటికెలో మారగలగడానికి ఆ నిండుదనమే ఆధారం. ఖాళీగా పడి ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదు.

అసలు కొరత వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే లక్షణాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ కెర్నెల్, అంటే ర్యామ్‌నూ ప్రాసెసర్‌నూ పంచిపెట్టే లోపలి ప్రోగ్రామ్. ర్యామ్ తగ్గుతున్నకొద్దీ అది మెట్లు మెట్లుగా దిగుతుంది. మొదట, స్టోరేజీలో ఎలాగూ అసలు ప్రతి ఉన్న ఫైళ్ల ముక్కలను ర్యామ్ నుంచి వదిలేస్తుంది. కావాలంటే మళ్లీ చదువుకోవచ్చు కదా. అలా వదిలేయడానికి వీల్లేనివీ ఉంటాయి. సగం రాసిన మెయిల్, ఆటలో ఆడుతున్న ఘట్టం స్టోరేజీలో ఇంకా ఎక్కడా లేవు. వాటిని ర్యామ్‌లోనే ఒక మూల కుదించి పెడుతుంది. ఈ పద్ధతి పేరు జెడ్‌ర్యామ్. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 దీనికి మద్దతు ఇచ్చింది, 512 ఎంబీ ర్యామ్ ఉన్న పరికరాల్లో సైతం ఆండ్రాయిడ్ నడవాలన్నది అప్పటి లక్ష్యం. కుదించడానికీ, మళ్లీ విప్పడానికీ ప్రాసెసర్ పనిచేయాలి కాబట్టి ఇది ఉచితంగా రాదు. అదీ చాలకపోతే మూడో మెట్టు: యాప్‌లను ఆపేయడం. ఆండ్రాయిడ్ 9 తర్వాతి పరికరాల్లో ఈ పని ఎల్ఎంకేడీ అనే ప్రత్యేక ప్రక్రియ (నడుస్తున్న ప్రోగ్రామ్) చూసుకుంటుంది.

ఎవరిని ముందు ఆపాలన్నదానికి ఒక వరస ఉంది. ఎప్పుడో వాడి వదిలేసిన యాప్‌లు మొదట పోతాయి. తర్వాత నేపథ్యంలో నడిచే సేవల వంతు. పాటలు వినిపిస్తున్న యాప్ వంటివి, అంటే కనబడకపోయినా మనిషికి తెలుస్తున్నవి, ఇంకా తర్వాత. కళ్ల ముందున్న యాప్ అన్నిటికన్నా చివర. ఈ వరస తెలిస్తే కొరత ఎంత ముదిరిందో బయటి నుంచే అంచనా వేయవచ్చు. నిన్న వాడిన యాప్ ఇవాళ మొదటి నుంచి తెరుచుకుంటే కంగారు పడనక్కరలేదు, అది మామూలే. అర నిమిషం క్రితం వదిలిన యాప్ కూడా మొదటి నుంచి మొదలైతే ర్యామ్ ఇరుకైంది. ఏదైనా యాప్ నుంచి బయటకు రాగానే హోమ్ స్క్రీన్ ఒక్క క్షణం బోసిగా ఉండి ఐకాన్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే హోమ్ స్క్రీన్ యాప్‌నే ఆపేయాల్సి వచ్చిందన్నమాట, అంటే కొరత తీవ్రం. వింటున్న పాట ఆగిపోవడం ఇంకా తీవ్రం. పనిచేస్తున్న యాప్ కళ్ల ముందే మాయమైతే వ్యవస్థ చేతులెత్తేసినట్టే, ఆ యాప్‌లోనే లోపం ఉంటే తప్ప.

యాప్‌లు మళ్లీ తెరుచుకోవడం విసుగు పుట్టిస్తుంది గానీ, ట్యాబ్లెట్ మొత్తం బిగుసుకుపోవడానికి కారణం వేరు. యాప్ తాలూకు ప్రోగ్రామ్ కూడా స్టోరేజీలో అసలు ప్రతి ఉన్న ఫైలే. ఇరుకు ఎక్కువైనప్పుడు కెర్నెల్ ఆ ప్రోగ్రామ్ ముక్కలనే వదిలేస్తుంది, మరుక్షణం అవే కావాల్సి వచ్చి స్టోరేజీ నుంచి చదువుతుంది, వాటికి చోటు కోసం ఇంకేవో వదిలేస్తుంది, అవీ వెంటనే అవసరమవుతాయి. ఇలా వదలడం, తెచ్చుకోవడంలోనే కాలమంతా గడిచిపోతుంది. సెకనుకు 60 సార్లు తాజా అయ్యే తెర మీద ఒక్కో దృశ్యాన్ని గీయడానికి ఉన్న వ్యవధి 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ వ్యవధిలో స్టోరేజీ దగ్గర వందలసార్లు ఆగాల్సి వస్తే స్క్రోల్ చేస్తున్న పేజీ ఎగిరెగిరి పడుతుంది, కీబోర్డు వెనకబడుతుంది.

ఈ సంగతి వ్యవస్థను తయారుచేసేవారూ గుర్తించారు. ఒకప్పుడు ఆండ్రాయిడ్ ర్యామ్ ఎంత మిగిలిందన్న లెక్కను బట్టి యాప్‌లను ఆపేది. 2018 చివర్లో వచ్చిన లినక్స్ 4.20లో పీఎస్ఐ అనే కొలమానం చేరింది. మెమరీ దొరక్క పనులు ఎంతసేపు నిలిచిపోయాయో అది లెక్కగడుతుంది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి ఎల్ఎంకేడీ ఈ కొలమానాన్ని అందిపుచ్చుకుంది. కొలవాల్సింది మిగిలిన ఖాళీని కాదు, నిరీక్షణను. ట్యాబ్లెట్‌ను బాగుచేసుకోవాలనుకునే మనిషికీ ఇదే సరైన కొలబద్ద. ఖాళీ ఎన్ని ఎంబీలని చూపే అంకెలు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ, అవి రోగాన్ని చెప్పవు.

3 ఎంబీ ఫొటో మోపే బరువు

ర్యామ్ అంతా ఎక్కడికి పోతోందన్న ప్రశ్నకు ఒక ఫొటోను దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. 12 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన ఫొటో స్టోరేజీలో సాధారణంగా 3, 4 ఎంబీలే ఉంటుంది, ఎందుకంటే దాన్ని జేపెగ్ రూపంలో కుదించి దాస్తారు. తెర మీద చూపాలంటే ఆ కుదింపును విప్పక తప్పదు. వెడల్పు 4,000, ఎత్తు 3,000 పిక్సెళ్లనుకుంటే మొత్తం 1.2 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ రంగుకు 4 బైట్లు. అంటే 4.8 కోట్ల బైట్లు, 48 ఎంబీ. స్టోరేజీలో 3 ఎంబీగా కనిపించిన ఫొటో పూర్తి పరిమాణంలో విప్పితే ర్యామ్‌లో 48 ఎంబీ ఆక్రమిస్తుంది. శ్రద్ధగా రాసిన యాప్ తెరకు ఎంత పరిమాణం కావాలో అంతవరకే విప్పుతుంది. శ్రద్ధ లేని యాప్ బొటనవేలంత బొమ్మ చూపడానికీ మొత్తం విప్పేస్తుంది, అలాంటి బొమ్మలు పది ఒకే పేజీలో ఉంటే అర జీబీ అక్కడే చెల్లు.

తెర సంగతీ అంతే. 2048×1536 పిక్సెళ్ల తెర మీది ఒక్క దృశ్యానికి 12 ఎంబీకి పైనే కావాలి. కదలికలు సాఫీగా కనబడేందుకు అలాంటి ప్రతులు రెండు మూడు సిద్ధంగా ఉంచుతారు. ట్యాబ్లెట్లలో గ్రాఫిక్స్ చిప్‌కు విడిగా మెమరీ ఉండదు, అదీ ఈ ర్యామ్‌లోనే పంచుకుంటుంది. ఫోనుకన్నా ట్యాబ్లెట్ తెర పెద్దది. అయినా ధర తగ్గించడానికి చాలా కంపెనీలు ట్యాబ్లెట్‌లో ఫోనుకన్నా తక్కువ ర్యామ్ పెడతాయి. చౌక ట్యాబ్లెట్లు త్వరగా ముసలివైపోయినట్టు అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం, దీన్ని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

బ్రౌజర్ మరో పెద్ద వాటాదారు. పేజీల నుంచి పేజీలకు దొంగచాటు చూపు పడకుండా భద్రత కోసం బ్రౌజర్లు వేర్వేరు సైట్లను వేర్వేరు ప్రక్రియల్లో నడుపుతాయి. భద్రత పరంగా అది సరైన నిర్ణయమే, ఖర్చు మాత్రం ర్యామ్ భరించాలి. ప్రకటనలు, తమంతట తాము ఆడే వీడియోలు నిండిన ఒక వార్తా పేజీ, యాప్‌లా పనిచేసే ఒక మెయిల్ పేజీ కలిస్తే కొన్ని వందల ఎంబీలు ఇట్టే హరించుకుపోతాయి. వీటికి తోడు వాతావరణం చూపే విడ్జెట్, కదిలే వాల్‌పేపర్, సందేశాల కోసం కాచుకుని ఉండే నాలుగైదు యాప్‌లు, రెండో కీబోర్డు. విడివిడిగా ఏదీ భారీ కాదు. తిలాపాపం తలా పిడికెడు.

క్లీనర్లు చేసే చేటు

క్లీనర్, బూస్టర్ పేర్లతో వచ్చే యాప్‌లు ముఖ్యంగా చేసేది ఇది: నేపథ్యంలో ఉన్న యాప్‌లను ఆపించి, విడుదలైన ఎంబీలను పెద్ద అక్షరాలతో చూపించడం. ఆగిన యాప్‌లలో చాలావాటికి ఏదో ఒక పని మిగిలే ఉంటుంది కాబట్టి అవి కాసేపటికి మళ్లీ లేస్తాయి. లేచేటప్పుడు స్టోరేజీ నుంచి మొత్తం చదువుకోవాలి, ప్రాసెసర్ చేత పని చేయించాలి. అంతలో క్లీనర్ మళ్లీ ఆపుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు సాగే ఈ చక్రంలో క్లీనర్ స్వయంగా కొంత ర్యామ్‌ను ఆక్రమించి కూర్చుంటుంది. దీనికి తోడు ప్రకటనలు చూపిస్తుంది.

వీటిని కట్టడి చేసే ప్రయత్నం పాతదే. 2010లో ఆండ్రాయిడ్ 2.2తోనే ఒక యాప్ మరో యాప్‌ను బలవంతంగా పూర్తిగా ఆపే వీలు తీసేశారు, నేపథ్య ప్రక్రియలను ఆపించే వీలు మాత్రం మిగిలింది. 2023లో ఆండ్రాయిడ్ 14 ఆ తలుపూ మూసింది. ఇప్పుడు ఒక యాప్ ఆ ఆదేశం ఇస్తే తన సొంత నేపథ్య ప్రక్రియలు మాత్రమే ఆగుతాయి. అంటే ఆండ్రాయిడ్ 14, ఆ తర్వాతి ట్యాబ్లెట్లలో బయటి నుంచి తెచ్చి ఎక్కించుకున్న క్లీనర్ 'ఇంత ర్యామ్ విడిపించాను' అంటే ఆ మాటను నమ్మడానికి ఆధారం లేదు.

ఇటీవల వాడిన యాప్‌ల వరసను ఖాళీ చేయడం ఇంత హానికరం కాదు, కానీ అలవాటుగా చేస్తే ఫలితం అదే దిశలో ఉంటుంది. ఆ వరసలో కనిపించే వాటిలో చాలావరకు ఉత్త బొమ్మలే, వెనక యాప్ నడుస్తూ ఉండకపోవచ్చు. ఇటీవలి ఆండ్రాయిడ్‌లో నేపథ్యంలో ఉన్న యాప్‌ను ప్రాసెసర్ జోలికి పోకుండా స్తంభింపజేసి ఉంచే ఏర్పాటు కూడా ఉంది. ఇలా యాప్‌లు మూసేస్తే బ్యాటరీకి మేలు జరుగుతుందా అన్న ప్రశ్న 2016లో యాపిల్ ఉన్నతాధికారి క్రెయిగ్ ఫెడరిగికి ఎదురైతే అవసరం లేదనే జవాబిచ్చారు. అప్పట్లో గూగుల్‌లో ఆండ్రాయిడ్ బాధ్యతలు చూస్తున్న హిరోషి లాక్‌హైమర్ కూడా ఆ మాటతో ఏకీభవించారు. ఒక యాప్ మొండికేసినప్పుడు దాన్ని ఒక్కదాన్నే మూసి తెరవడం సబబే. మిగతావాటి జోలికి పోనక్కరలేదు.

స్టోరేజీ అలసిపోతే

ర్యామ్ మీద పడే నిందల్లో సగం స్టోరేజీకి చెందాల్సినవి. ఫ్లాష్ చిప్‌లో రాయడం పేజీలనే చిన్న చిన్న ముక్కల్లో జరుగుతుంది, చెరపడం మాత్రం అనేక పేజీలున్న పెద్ద బ్లాకుల్లోనే సాధ్యం. రాసిన చోటే నేరుగా మళ్లీ రాయడం కుదరదు. అందువల్ల లోపలి నియంత్రిక (కంట్రోలర్) ఎప్పుడూ కొన్ని ఖాళీ బ్లాకులను సిద్ధంగా ఉంచుకోవాలి. స్టోరేజీ అంచుదాకా నిండితే ఆ వెసులుబాటు పోతుంది. ఒక చిన్న ఫైలు రాయాలన్నా ముందు ఒక బ్లాకులో పనికొచ్చే పేజీలను వేరేచోటికి తరలించి, బ్లాకును చెరిపి, అప్పుడు రాయాలి. ఒక్క రాతకు నాలుగైదు రాతల పని పడుతుంది. యాప్‌లు నిరంతరం ఏదో ఒకటి డేటాబేస్‌లో రాస్తూనే ఉంటాయి గనుక, ఈ ఆలస్యం ఫొటో తీసినప్పుడే కాదు, ప్రతి పనిలోనూ తగులుతుంది.

2012లో గూగుల్ పేరుతో అసుస్ తయారుచేసిన నెక్సస్ 7 ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. 1 జీబీ ర్యామ్, మొదట 8, 16 జీబీ స్టోరేజీలతో వచ్చిన ఆ ట్యాబ్లెట్‌ను వచ్చిన కొత్తలో అందరూ మెచ్చుకున్నారు. నెలలు గడిచేకొద్దీ, ముఖ్యంగా స్టోరేజీ నిండేకొద్దీ, అది భరించలేనంత నెమ్మదిస్తోందని వాడినవారు విస్తృతంగా ఫిర్యాదు చేశారు. ర్యామ్ మారలేదు, ప్రాసెసర్ మారలేదు. మారింది ఫ్లాష్ స్థితి. ఫైలు చెరిపేశామని వ్యవస్థ అనుకున్నా, ఆ చోటు ఇక అక్కరలేదని ఫ్లాష్ నియంత్రికకు ఎవరూ చెప్పకపోతే అది పనికిరాని సమాచారాన్నీ జాగ్రత్తగా మోస్తూ ఉంటుంది. ఆ కబురు అందించే ఆదేశమే ట్రిమ్. 2013 జులైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3 ట్రిమ్‌ను తనంతట తానే అప్పుడప్పుడూ నడిపే ఏర్పాటు తెచ్చింది, పాత నెక్సస్ 7 దాంతో గణనీయంగా కోలుకుంది.

ఆ ఏర్పాటు ఇప్పటికీ పనిచేస్తోంది, కానీ ఎప్పుడంటే అప్పుడు కాదు. ట్యాబ్లెట్‌ను ఎవరూ వాడనప్పుడు, తగినంత చార్జింగ్ ఉన్నప్పుడే వ్యవస్థ ఇలాంటి మరమ్మతు పనులు పెట్టుకుంటుంది. రోజూ పూర్తిగా ఆపేసి బల్ల మీద పెట్టే ట్యాబ్లెట్‌కు ఆ అవకాశమే దొరక్కపోవచ్చు. వారానికి ఒకటి రెండు రాత్రులు ఆన్‌లోనే ఉంచి చార్జర్‌కు తగిలించి వదిలేయడం ఖర్చు లేని వైద్యం. ఇక ఎంత చోటు మిగల్చాలన్నదానికి గూగుల్ సహాయ పేజీల్లో చెప్పే హద్దు 10 శాతం. ఖాళీ అంతకన్నా తగ్గితే ఇబ్బందులు మొదలవుతాయి. చౌక ట్యాబ్లెట్‌లో వాడే ఈఎంఎంసీ అనే నెమ్మది రకం ఫ్లాష్ చిప్ అయితే ఇంకాస్త ఎక్కువే మిగల్చడం మేలు. యూఎఫ్ఎస్ అనే వేగవంతమైన రకం ఒకేసారి చదవడమూ రాయడమూ చేయగలదు కాబట్టి ఈ దెబ్బను కొంత తట్టుకుంటుంది.

ఏది కొరతో తేల్చే పరీక్ష

ట్యాబ్లెట్‌ను ఆపి ఆన్ చేసి, మొదటి హడావుడి సద్దుమణగడానికి ఐదు నిమిషాలు వదిలేసి, రోజూ వాడే ఒక యాప్‌ను తెరిచి ఎంతసేపు పట్టిందో చూడాలి. ఆ సమయంలో ర్యామ్‌లో చోటుకు కొదవ ఉండదు. అయినా బాగా ఆలస్యమైతే నేరం ర్యామ్‌ది కాదు, స్టోరేజీదో ప్రాసెసర్‌దో. తర్వాత హోమ్ స్క్రీన్‌కు వచ్చి, బ్రౌజర్‌లో రెండు మూడు పేజీలు చూసి, మళ్లీ అదే యాప్‌కు వెళ్లాలి. వదిలిన చోటే వెంటనే తెరుచుకుంటే ర్యామ్ సరిపోతోంది. మళ్లీ లోగోతో మొదటి నుంచి మొదలైతే ర్యామ్ ఇరుకు. ఆలస్యమంటే ఎంత అన్న సందేహానికి, యాప్‌లు తయారుచేసేవారికి గూగుల్ పెట్టిన హద్దులు పనికొస్తాయి: మొదటి నుంచి తెరుచుకోవడానికి 5 సెకన్లు, ర్యామ్‌లో సిద్ధంగా ఉన్నది ముందుకు రావడానికి 1.5 సెకన్లు దాటితే అది మితిమీరిన ఆలస్యం.

ఈ రెండూ కాని ఆలస్యాలూ ఉన్నాయి. చార్జింగ్ పెట్టి వాడుతున్నప్పుడు, ఆట ఆడి అరగంటైనప్పుడు నెమ్మదించి, చల్లబడగానే కోలుకుంటే అది వేడి. పేజీలు మాత్రమే ఆలస్యమై, స్టోరేజీలో ఉన్న వీడియో, గ్యాలరీ చకచకా తెరుచుకుంటే అది ఇంటర్నెట్. కొత్త వెర్షన్ ఎక్కించిన మొదటి ఒకటి రెండు రోజుల మందకొడితనానికి వ్యవస్థ ఫొటోలను, యాప్‌లను తిరిగి వర్గీకరించుకోవడం కారణం. ఆగితే సర్దుకుంటుంది.

ఆండ్రాయిడ్‌లో ఇంకా లోతుగా చూడాలంటే సెట్టింగ్స్‌లో ట్యాబ్లెట్ వివరాల పేజీకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులోని మెమరీ పేజీ గత 3 గంటల నుంచి ఒక రోజు దాకా ఏ యాప్ సగటున ఎంత ర్యామ్ వాడిందో చూపిస్తుంది. కొన్ని వెర్షన్లలో ఈ నమోదును ముందుగా ఆన్ చేయాలి. ఇక్కడ ఆ క్షణపు అంకెకన్నా రోజంతటి సగటు ముఖ్యం. నేపథ్య ప్రక్రియల సంఖ్యకు పరిమితి పెట్టే ఆప్షన్ అక్కడే ఊరిస్తూ కనబడుతుంది. దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది, యాప్‌లు ఇంకా త్వరగా ఆగిపోయి ఇంకా తరచుగా మొదటి నుంచి తెరుచుకుంటాయి.

ఐప్యాడ్‌లో ర్యామ్ వాడకం చూపే పేజీ లేదు. కానీ వ్యవస్థ రాసుకునే చిట్టా ఉంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ విభాగం కింద అనలిటిక్స్ డేటా తెరిస్తే పొడవాటి ఫైళ్ల వరస వస్తుంది. వాటిలో జెట్‌సామ్‌ఈవెంట్ (JetsamEvent) అని మొదలయ్యేవి, మెమరీ చాలక వ్యవస్థ యాప్‌లను ఆపేసిన సందర్భాల నమోదులు. అలాంటి ఒక ఫైలు తెరిస్తే పైభాగంలో పేజీ (మెమరీని లెక్కించే చిన్న ముక్క) పరిమాణం 16384 అని, ఆ క్షణాన అత్యధిక మెమరీ వాడుతున్న ప్రక్రియ పేరు లార్జెస్ట్‌ప్రాసెస్ (largestProcess) ఎదురుగా కనిపిస్తాయి. కిందికి వెళ్లి ఆ పేరున్న చోట ఆర్‌పేజెస్ (rpages) సంఖ్యను, అంటే ఆ ప్రక్రియ వాడుతున్న పేజీల లెక్కను, పట్టుకుని 16,384తో గుణిస్తే బైట్లు తేలతాయి. ఉదాహరణకు ఆర్‌పేజెస్ 90,000 అయితే 147 కోట్ల బైట్లు, దాదాపు ఒకటిన్నర జీబీ. ఆపడానికి కారణం పర్-ప్రాసెస్-లిమిట్ (per-process-limit) అని ఉంటే ఆ యాప్ తన వాటా మించిందని అర్థం, దాన్ని అప్‌డేట్ చేయడమో మార్చడమో చేయాలి. వీఎం-పేజ్‌షార్టేజ్ (vm-pageshortage) అని ఉంటే కొరత మొత్తం వ్యవస్థది. ఇలాంటి ఫైళ్లు అప్పుడప్పుడూ ఒకటి రెండు కనబడటం సహజమే. రోజూ గుట్టగా పోగవుతూ, వాటిలో ఒకే పేరు పదేపదే వస్తుంటే దోషి దొరికినట్టే.

మందులు, వాటి హద్దులు

కొరత ర్యామ్‌లో అని తేలితే మొదట బ్రౌజర్ వైపు చూడాలి. పోగుపడిన పేజీలు మూసేయడం, ప్రకటనలు తగ్గించే సదుపాయం ఉంటే వాడటం, యాప్ ఎక్కించుకునే బదులు ఆ సేవల వెబ్ పేజీలో, వెబ్ పేజీ భారమైతే వాటి తేలికపాటి యాప్‌లో పని జరుపుకోవడం. విడ్జెట్లు, కదిలే వాల్‌పేపర్ తీసేయడం. ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్ ఒక మంచి సాధనం. అది బయటి నుంచి తెచ్చి ఎక్కించిన యాప్‌లన్నిటినీ తాత్కాలికంగా పక్కన పెడుతుంది. సాధారణంగా తెర మీది పవర్ ఆఫ్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఆ మోడ్‌లోకి వెళ్లవచ్చు. అక్కడ చురుగ్గా ఉంటే దోషం ఎక్కించిన యాప్‌లలోనే ఉంది, ఇటీవల వచ్చినవాటి నుంచి ఒక్కొక్కటే తీసి చూడాలి. యాప్‌ల కాష్ (త్వరగా తెరుచుకోవడానికి అవి దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు) చెరిపేస్తే స్టోరేజీలో చోటు దొరుకుతుంది, ర్యామ్‌కు మాత్రం మేలు లేదు, పైగా ఆ కాష్ మళ్లీ తయారయ్యేదాకా యాప్ మరింత ఆలస్యం చేస్తుంది.

కొన్ని పెట్టెల మీద '4 జీబీ + 4 జీబీ' అని అచ్చువేసి అమ్మే వర్చువల్ ర్యామ్ విషయంలో జాగ్రత్త అవసరం. ఆ రెండో 4 జీబీ స్టోరేజీలో కేటాయించిన చోటే. చాలాసేపు వాడని యాప్‌లను అక్కడికి తరలించి నిలుపుకోవడానికి అది పనికొస్తుంది. కళ్ల ముందు నడుస్తున్న యాప్‌కు మాత్రం వెయ్యి రెట్లు నెమ్మదైన నిల్వ ఎన్నటికీ ర్యామ్ కాలేదు. వేగంగల స్టోరేజీ ఉన్నచోట ఈ పద్ధతికి విలువ ఉంది. 2022లో ఐప్యాడ్‌ఓఎస్ 16తో యాపిల్ దీన్ని ఎం1 వంటి శక్తిమంతమైన చిప్ ఉన్న ఐప్యాడ్‌లకే పరిమితం చేసి, అత్యంత భారీ యాప్‌లకు 16 జీబీ వరకు మెమరీ అందేలా చేసింది. ఈఎంఎంసీ ఉన్న చౌక ట్యాబ్లెట్‌లో అదే పద్ధతి నిండిన స్టోరేజీ మీద మరింత రాత పని మోపుతుంది. అలాంటి చోట దాన్ని ఆపి కొన్ని రోజులు వాడి చూడటమే సరైన పరీక్ష.

ఎంత చేసినా దాటలేని హద్దు ఒకటుంది. 2013లో 512 ఎంబీలో నడవాలని ఆండ్రాయిడ్ లక్ష్యం పెట్టుకుంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నాటికి తక్కువ సామర్థ్యం గల పరికరాల కోసం చేసే గో ఎడిషన్‌కే 2 జీబీ కనీసం కావాలి. తొమ్మిదేళ్లలో నేల మట్టమే నాలుగింతలైంది. 2010 నాటి మొదటి ఐప్యాడ్‌లో ఉన్నది 256 ఎంబీ. ట్యాబ్లెట్‌లో ర్యామ్‌ను పెంచుకునే వీలు ఉండదు, అది బోర్డు మీద అతికించి వస్తుంది. 2 జీబీ ట్యాబ్లెట్ పుస్తకాలు చదవడానికో, వీడియోలు చూడటానికో, ఒకటే యాప్‌తో పిల్లలు చదువుకోవడానికో ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తుంది. నాలుగు పనుల మధ్య గెంతమంటే మాత్రం దానివల్ల కాదు, అందులో దాని తప్పూ లేదు.

ఫ్యాక్టరీ రీసెట్‌ను చివరిదాకా దాచుకోవాలి, చేస్తే దాని నుంచి సమాచారం కూడా రాబట్టాలి. రీసెట్ పాత వెర్షన్‌ను తిరిగి తీసుకురాదు, ఇప్పుడున్న వెర్షన్‌నే శుభ్రంగా మొదలుపెడుతుంది. ముందుగా ఫొటోలు, పత్రాలు వేరేచోట భద్రపరచి, ఖాతాల పాస్‌వర్డులు చేతిలో ఉన్నాయని సరిచూసుకోవాలి. రీసెట్ అయ్యాక బ్యాకప్‌లోని యాప్‌లన్నిటినీ ఒకేసారి తిరిగి దించుకుంటే పాత భారం మొత్తం తిరిగి వస్తుంది, కారణమేమిటో ఎప్పటికీ తెలియదు. ఒక రోజంతా ఏమీ ఎక్కించకుండా బ్రౌజర్, మెయిల్‌తోనే వాడి చూడాలి. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే లోపం చిప్‌లలో ఉంది, సాఫ్ట్‌వేర్‌తో చేయగలిగింది ఇక లేదు. చురుగ్గా ఉంటే యాప్‌లను రోజుకు రెండు మూడు చొప్పున చేరుస్తూ, ప్రతిసారీ పైన చెప్పిన తెరిచే పరీక్షను మళ్లీ చేయాలి. వేగం ఏ రోజు పడిపోయిందో, ఆ రోజు చేర్చిన రెండు మూడింటిలోనే కారణం ఉంటుంది.